‘అన్నం తిందాం’ అనే పేరున్న హోటళ్ళు: లీమా నగరంలో భోజనం

దక్షిణ అమెరికాలో స్పానిష్ మాట్లాడే దేశాల్లో అల్లాన్ని మామూలుగా ‘హెన్‌హిబ్రె’ అంటారు. పెరూ దేశంలో మాత్రం అల్లం పేరు ‘కియోన్’. సోయా సాస్ పేరు ‘సియావ్’. ఇవి స్పానిష్ మాటలు కావు. ఆ కొండల్లో ఇంకా బతికి ఉన్న కెచువా భాష మాటలూ కావు. చైనా దక్షిణ తీరాన కాంటన్ ప్రాంతం నుంచి వచ్చినవి. పెరూ రాజధాని లీమాలో ఏ సంతలోనైనా అల్లం బేరమాడుతున్న ముసలమ్మను పట్టుకుని “మీ వంశంలో చైనావాళ్ళున్నారా?” అని అడిగి చూడండి, వింతగా చూస్తుంది. ఆమెకు అది తన సొంత మాట. ఆ మాటను ఓడలో మోసుకొచ్చినవాళ్ళ మునిమనవలకేమో చాలామందికి చైనా భాషలో రెండు ముక్కలు రావు. భాష పోయింది. వంటింటి మాట మాత్రం పోలేదు సరికదా, ఊరందరిదీ అయి కూర్చుంది.

తెలుగు గడ్డకు బయట తరాలుగా ఉంటున్న మనకు ఈ సంగతి చెవిన పడితే ఊరికే వదలబుద్ధి కాదు. మా అబ్బాయి, కోడలు లీమాలో ఉద్యోగాలు చేస్తున్న రోజుల్లో నేను రెండు నెలలు అక్కడ ఉన్నాను. చూసిన కట్టడాల కన్నా తిన్న తిండి, దాని వెనక ఉన్న మనుషుల కథే ఎక్కువగా గుర్తుండిపోయింది.

ముందు ఊరి సంగతి. లీమా పసిఫిక్ సముద్రం ఒడ్డున ఎడారిలో కట్టిన నగరం. 1535లో స్పెయిన్ నుంచి వచ్చిన పిసారో దీన్ని స్థాపించాడు. ఇప్పుడు జనాభా కోటి దాటింది. దేశ జనంలో ఇంచుమించు మూడో వంతు ఇక్కడే ఉన్నారు. వాన అనేది దాదాపు లేదు. జూన్ నుంచి నాలుగు నెలలు మాత్రం ఆకాశం మసకబారి, పొగమంచు తుంపర ముఖాన కొడుతుంటుంది. ఆ ఆకాశాన్ని వాళ్ళే ‘గాడిద పొట్ట’ అని వెక్కిరించుకుంటారు. ఇంత పొడి నేలకు దేవుడిచ్చిన కొసరు సముద్రం. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ చల్లని ప్రవాహం వల్ల ఆ తీరంలో చేపలకు కరువు లేదు.

అక్కడ పెద్ద భోజనం మధ్యాహ్నమే. ఒంటిగంట నుంచి మూడింటి దాకా ప్రతి వీధిలోనూ చిన్న చిన్న హోటళ్ళ ముందు నల్లబల్ల మీద సుద్దతో ఆనాటి ‘మెనూ’ రాసి ఉంటుంది. మెనూ అంటే మనం అనుకునే పదార్థాల పట్టిక కాదు, కట్టుబడి భోజనం. ఒక సూపో చిన్న పళ్ళెమో ముందు వస్తుంది, తర్వాత అన్నంతో కూడిన పెద్ద పళ్ళెం, ఒక గ్లాసు పానీయం. ఆ పానీయం తరచుగా ‘చిచా మొరాదా’ అవుతుంది. ఊదారంగు మొక్కజొన్న కంకుల్ని అనాసతొక్కు, దాల్చినచెక్క, లవంగం వేసి మరిగించి చల్లార్చినది. మన ఊళ్ళలో గుమాస్తాలు, విద్యార్థులు తినే మెస్ భోజనం లాంటిదే ఈ మెనూ. రుచిలో పెద్ద హోటళ్ళను తలదన్నే మూలమూలల చిన్న కొట్లకు ‘వారీకె’ అని ప్రత్యేకంగా పేరుంది. ఎవరి వారీకె వారిది. దాన్ని గురించి మాట్లాడుకునే తీరు చూస్తే మనవాళ్ళు తమ ఊరి ఇడ్లీ బండి గురించి పోట్లాడుకోవడం గుర్తొచ్చింది.

పళ్ళెంలో అన్నమూ, దాని పక్కనే బంగాళాదుంపా ఉంటాయి. యూరప్‌వాళ్ళు దీన్ని చూసి ఆశ్చర్యపోతారట. అన్నంలోకి ఉర్లగడ్డ వేపుడు తిని పెరిగిన మనకు ఆశ్చర్యమేముంది!

లీమా పేరు చెప్పగానే అందరూ తలచుకునే వంటకం సెవీచె. పచ్చి చేపను ముక్కలు కోసి నిమ్మరసం, ఉప్పు, ఉల్లి, మిరపకాయలతో కలుపుతారు. పొయ్యి ముఖం చూడదు. నిమ్మ పులుపుకే ముక్క తెల్లబడి గట్టిపడుతుంది. పక్కన ఉడికించిన చిలగడదుంప, పెద్ద గింజల మొక్కజొన్న, వేయించిన మొక్కజొన్న పెడతారు. అడుగున మిగిలిన పుల్లటి, కారపు రసానికి ‘పులిపాలు’ అని పేరు. తెల్లవారుజామున పట్టిన చేప కాబట్టి మధ్యాహ్నమే తినాలన్నది పాత నియమం. సెవీచె హోటళ్ళు చాలా వరకు సాయంత్రానికే తలుపులు మూసేస్తాయి. 1991లో పెరూలో కలరా చెలరేగినప్పుడు నింద చాలా వరకు పచ్చి చేప మీద పడి, ఆ బండ్లవాళ్ళ బతుకులు తలకిందులయ్యాయి. అక్కడి నుంచి తేరుకుని 2023లో అదే సెవీచె యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది.

ఇక అసలు కథ. లీమాలో చైనా హోటల్‌ని ‘చిఫా’ అంటారు. ‘అన్నం తిను’ అనే చైనా మాటే అలా మారిందని చెబుతారు. వేళకు వంటవాళ్ళు వేసిన కేక విని ఊరివాళ్ళు అదే హోటలు పేరనుకున్నారన్నమాట. చిఫా లేని పేట లీమాలో లేదంటే అతిశయోక్తి కాదు.

ఈ కేక వెనక కన్నీళ్ళున్నాయి. 1849 నుంచి 1874 దాకా సుమారు 90 వేల నుంచి లక్షమంది చైనా కూలీలను పెరూకి తీసుకొచ్చారు. చాలామంది మకావు రేవులో ఓడ ఎక్కినవాళ్ళు. ఎనిమిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుని, చెరకు తోటలకూ, పత్తి తోటలకూ, పక్షిరెట్ట ఎరువు తవ్వే చింఛా దీవులకూ తోలారు. దారిలోనే ఎందరో పోయారు. వచ్చినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఒప్పందంలో జీతంతో పాటు రోజుకింత బియ్యం అని ఉండేది. ఆ బియ్యమే వాళ్ళను కన్నఊరితో కలిపిన దారం.

ఆ కాలానికి కాస్త అటూ ఇటూగానే మన కోరంగి, యానాం రేవుల నుంచి తెలుగువాళ్ళు మారిషస్, రీయూనియన్ దీవుల చెరకు తోటలకు ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరు వచ్చింది ఆ రేవు వల్లే. యానాం పాఠకులకు ఇది నేను చెప్పనక్కర్లేదు. చింఛా దీవుల సంగతి చదువుతున్నప్పుడు నాకు మాత్రం ఆ ఓడలూ ఈ ఓడలూ ఒకే సముద్రంలో ఎదురుపడినట్టు అనిపించింది.

ఒప్పందం తీరినవాళ్ళలో కొందరు లీమా చేరి, పెద్ద సంత పక్కన కాపోన్ వీధి చుట్టుపట్ల చిన్న పూటకూళ్ళు పెట్టుకున్నారు. స్థానిక స్త్రీలను పెళ్ళాడారు. పిల్లలు తల్లి భాషే నేర్చారు. తండ్రి భాష ఒక తరంలోనే సగమై, రెండో తరానికి ఆవిరైపోయింది. ఊరివాళ్ళు వాళ్ళను ఆదరించారా అంటే, లేదు. చైనావాళ్ళ ఇళ్ళు రోగాల పుట్టలన్నారు. 1909లో వాళ్ళ కొట్ల మీద అల్లర్లు జరిగాయి. ఆ ఏడే నగరపాలకులు చైనావాళ్ళు కిక్కిరిసి ఉండే ఓటైసా సందును నేలమట్టం చేశారు. ఇదంతా జరిగిన పదిహేను ఇరవై ఏళ్ళకే, 1920ల్లో, లీమా సంపన్న కుటుంబాలు కాపోన్ వీధి చిఫాల్లో బల్లల కోసం క్యూ కట్టసాగాయి. మనుషుల్ని మెచ్చుకోవడానికి ముందు వాళ్ళ వంటను మెచ్చుకోవడం లోకంలో కొత్తేమీ కాదు. ఆ వీధి మొదట్లో ఇప్పుడు కనిపించే చైనా తోరణం 1971లో కట్టినది.

చిఫాలో ఎక్కువమంది అడిగేది ‘అర్రోస్ చావ్‌ఫా’. అర్రోస్ అంటే స్పానిష్‌లో బియ్యం, అన్నం. చావ్‌ఫా అంటేనే చైనా భాషలో వేపుడన్నం. కలిపితే ‘అన్నం వేపుడన్నం’! మనం ‘నడిసెంటర్’ అన్నట్టే. పక్కన పసుపుపచ్చని ఇంకా కోలా ఉండాలి. 1935లో లీమాలోనే పుట్టిన ఈ సోడా బబుల్‌గమ్ వాసన వేస్తుంది. నాకు ఒక గుక్క చాలు. మా మనవడికి సీసా చాలలేదు.

చిఫా వంట చిఫాలోనే ఆగలేదు. ‘లోమో సాల్తాదో’ అని ఒక వంటకం ఉంది. గొడ్డుమాంసం పీలికల్ని మంట ఎగిసే బాణలిలో ఉల్లి, టమాటా, మిరపతో గబగబా తిప్పి, సియావ్ పోసి, వేయించిన బంగాళాదుంపలు కలిపి, అన్నంతో పెడతారు. బాణలి, సియావ్ చైనావి. దుంప, మిరప ఆ నేలవి. మాంసం, ఉల్లి స్పెయిన్‌వాళ్ళు తెచ్చినవి. ఈ పళ్ళేన్ని లీమావాళ్ళు పరదేశపు వంట అనరు, “మా అమ్మ వంట” అంటారు. వంటకం పేరు స్పానిష్, చేసే తీరు కాంటన్‌ది. ఇందులో నెగ్గింది ఎవరు, కలిసిపోయింది ఎవరు? చాలాసేపు ఆలోచించాను. తేలలేదు.

జపాన్‌వాళ్ళు తర్వాత వచ్చారు. 1899లో ‘సకురా మారు’ ఓడలో మొదటి 790 మంది దిగారు. సెవీచె చేపను గంటల తరబడి నిమ్మరసంలో నాననిచ్చే పాత పద్ధతి పోయి, వడ్డించే ముందు కొన్ని నిమిషాలే కలపడం మొదలైంది వీళ్ళ చేతి చలవేనంటారు. పలచని చేప రేకులతో చేసే ‘తిరదీతో’ వీళ్ళ ముద్ర ఉన్న వంటకం. రెండో ప్రపంచయుద్ధంలో పెరూ నుంచి సుమారు 1,800 మంది జపాన్ జాతీయులను, వారి సంతతిని అమెరికా శిబిరాలకు పట్టి పంపారు. ఇవాళ ఆ సంప్రదాయంలోని మైదో హోటల్ 2025లో ప్రపంచంలో ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. 2023లో ఆ స్థానం లీమాలోనే ఉన్న సెంత్రాల్‌కు దక్కింది. ఆ గడపలు నేను తొక్కలేదు. అక్కడ ఒక పూటకయ్యే ఖర్చుతో వారీకెల్లో నెల గడపవచ్చు.

సాయంత్రం వీధి మొగల్లో బొగ్గుల మీద ‘ఆంతికూచో’ కాలుతుంటుంది. ఎద్దు గుండెకాయ ముక్కల్ని మిరప, వెనిగర్, జీలకర్రలో నానబెట్టి పుల్లకు గుచ్చి కాలుస్తారు. పెరూలో బానిసత్వం 1854లో రద్దయింది. అంతకుముందు ఆఫ్రికా బానిసలకు దొరలు పారేసిన భాగాలే దక్కేవి, వాటితోనే ఈ వంట రూపుదిద్దుకుందని చెబుతారు. ఆ బండి పక్కనే ‘పికరోనె’ బండి ఉంటుంది. గుమ్మడి, చిలగడదుంప గుజ్జును పిండితో కలిపి పులియబెట్టి, తడి చేత్తో ముద్ద తీసి బొటనవేలితో చిల్లి పెట్టి నూనెలో వదులుతారు. ఆ చేతివాటం చూస్తే మన గారెలు వేసే చెయ్యే. వేగాక పైన ‘చాంకాకా’ పాకం పోస్తారు. చాంకాకా అంటే ఏమిటో నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. వాసనే చెప్పింది, బెల్లం! మిగిలిన అన్నాన్ని, ఉడికించిన చిక్కుళ్ళని కలిపి పెనం మీద అట్టులా కాల్చే ‘తాకు తాకు’ కూడా ఆ ఇళ్ళలోంచి వచ్చినదే. చద్దన్నం విలువ తెలిసినవాళ్ళ వంట అది.

చివరగా కొండల మీది నుంచి దిగివచ్చినవాళ్ళు. 1940ల నుంచి ఆండీస్ పల్లెలు ఖాళీ అవుతూ లీమా చుట్టూ ఇసుకదిబ్బల మీద గుడిసెల పేటలు వెలిశాయి. సొంత దేశంలోనే వీళ్ళూ పరాయివాళ్ళయ్యారు. కెచువా మాట్లాడితే నవ్వుతారని పిల్లలకు ఆ భాష నేర్పని తల్లులు ఎందరో. 1970ల చివర్లో ఈ పేటల ఆడవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఇంటింటికీ విడిగా పొయ్యి వెలిగించే స్తోమత లేనప్పుడు పదిళ్ళవాళ్ళూ కలిసి ఒకే పెద్ద గుండిగ ఎక్కించారు. వంతులవారీగా వండడం, కూరలు కలిసి కొనడం, తలా కొద్ది డబ్బు వేసుకోవడం. వీటినే ‘కొమెదోర్ పోపులార్’ అంటారు, అంటే జనభోజనశాల. 1990 ఆగస్టులో ప్రభుత్వం తీసుకున్న చర్యలతో ఒక్క రాత్రిలో ధరలు ఎన్నో రెట్లు పెరిగినప్పుడు లీమాలో లక్షలమందికి పూట గడిపినవి ఇవే.

ఆ గుండిగల దగ్గర నిలబడ్డవాళ్ళలో మరియా ఎలేనా మొయానో ఒకరు. ఆమె వియా ఎల్ సల్వదోర్ అనే పేటలో స్త్రీల సమాఖ్యకు నాయకత్వం వహించింది. పేదలు తమ తిండి తామే ఏర్పాటు చేసుకుంటే తిరుగుబాటుకు రారని ‘షైనింగ్ పాత్’ తీవ్రవాదులు ఈ వంటశాలల మీద పగబట్టారు. మొయానో వాళ్ళను బహిరంగంగా ఎదిరించింది. 1992 ఫిబ్రవరి 15న ఆమెను కాల్చి చంపారు. అప్పటికామె వయసు 33 ఏళ్ళు. వంటశాలలు మాత్రం మూతపడలేదు. 2020లో కరోనా వచ్చి కూలిపనులు ఆగిపోయినప్పుడు అవే గుండిగలు మళ్ళీ వీధుల్లోకి వచ్చాయి. లీమా భోజనం గురించి రాసేవాళ్ళు చాలామంది పెద్ద వంటగాళ్ళ పేర్లతో మొదలుపెట్టి వాళ్ళతోనే ముగిస్తారు. నాకు అది సగం కథ.

సంతల్లో ఒక ముచ్చట. అమ్మేవాళ్ళు కొనేవాళ్ళను ‘కసేరా’ అంటారు, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళను అదే మాటతో పిలుస్తారు. వాడుక మనిషి అన్న ఆప్యాయత అటూ ఇటూ ఒకటే. పండ్లరసం తాగాక గ్లాసు చాపి “యాపా, కసేరా!” అంటే జాడీలో మిగిలింది కూడా పోస్తారు. యాపా కెచువా నుంచి వచ్చిన మాట. మన భాషలో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, కొసరు. పిల్లలకు నేర్పని భాషలోంచి కూడా ఈ ఒక్క మాట మాత్రం లీమా అంతా వాడుతోంది.

మన వంటిళ్ళకూ ఆ నేలకూ ఉన్న బాకీ కొంచెం చెప్పుకోవాలి. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మనకు వచ్చింది. అంతకుముందు మన కారమంతా మిరియాలదే. మన గుంటూరు మిరప మెక్సికో వైపు సాగులోకి వచ్చిన జాతి. పెరూ వంటకు ప్రాణమైన పసుపు మిరప ‘ఆహీ అమరీయో’ దానికి పినతల్లి బిడ్డ. గింజలు, ఈనెలు తీసేసి నూరతారు కాబట్టి మన నాలుకకు అది కారం కాదు, సువాసన. నల్ల గింజల ‘రొకోతో’ మాత్రం మనవాళ్ళ గర్వం కూడా అణచగలదు. పల్లెల్లో వీటిని ‘బతాన్’ అనే రాతి మీద నూరతారు. అది మన సన్నికల్లుకు చుట్టం. వేరుసెనగ పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. 1987లో పెరూ ఉత్తర తీరాన సిపాన్‌లో బయటపడ్డ రాజు సమాధిలో బంగారు, వెండి వేరుసెనగకాయల హారం దొరికింది. ఇక బెంగళూరు, చెన్నై సంతల్లో మనం కొనే డబుల్ బీన్స్‌ను ఇంగ్లీషువాళ్ళు ‘లీమా బీన్స్’ అంటారు, ఈ ఊరి పేరు మీదనే.

వెళ్ళదలచిన శాకాహారులకు ఒక హెచ్చరిక. ‘కార్నె’ లేకుండా అని చెబితే గొడ్డుమాంసం తీసేసి కోడిని వేసి తెస్తారు. వాళ్ళ లెక్కలో కోడి కార్నె కాదు. చేప కూడా వద్దని విడిగా చెప్పుకోవాలి. చావ్‌ఫా కూరగాయలతో చేయమంటే చేస్తారు. గుమ్మడికాయ, మొక్కజొన్న, జున్నుతో చేసే ‘లోక్రో’, మొక్కజొన్న కంకితో జున్నుముక్క, డబుల్ బీన్స్ పులుసు మన పొట్టకు హాయి. పొద్దున, రాత్రి వీధి బండి మీద అమ్మే ‘ఎమొలియెంతె’ బార్లీ, అవిసెగింజలు, మూలికలతో కాచిన వేడి కషాయం. ఆ గాడిదపొట్ట ఆకాశం కింద దాన్ని మించిన మందు లేదు.

ఇంట్లో చేసి చూడదగ్గది ‘కౌసా’. పెరూలో 3,000కు పైగా బంగాళాదుంప రకాలున్నాయి. 1971లో నెలకొల్పిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం కూడా లీమాలోనే ఉంది. మనం దొరికిన దుంపతో సరిపెట్టుకుందాం. కిలో దుంపల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, వేడి మీదే తొక్కతీసి ఉండలు లేకుండా మెదపండి. కారం తక్కువున్న నాలుగైదు పండుమిరపకాయల గింజలు తీసి, రెండుసార్లు నీళ్ళు మార్చి ఉడికించి, కాస్త నూనెతో మెత్తగా నూరండి. ఈ ముద్ద, మూడు నిమ్మకాయల రసం, చిన్న గరిటెడు నూనె, ఉప్పు, రంగుకు చిటికెడు పసుపు దుంపలో వేసి చపాతీ పిండిలా పిసకండి. పసుపు వాళ్ళది కాదు, మా ఇంటి సవరణ. పళ్ళెంలో సగం ముద్దను పరిచి, పైన బెంగళూరువాళ్ళు జ్యూసు చేసే బటర్‌ఫ్రూట్ ముక్కలు సర్ది, మిగతా సగంతో కప్పండి. తినేవారైతే మధ్యలో కోడిమాంసం పీలికలు, పైన ఉడికిన గుడ్డు. ఒక గంట చల్లబరచి ముక్కలుగా కోసి తినాలి. వేడి చేశారో, అది కౌసా కాదు, మసాలా దోసెలోకి ముద్ద అయిపోతుంది.